రెండో తరగతి ఆపిల్ పళ్ళు

ఆ బడిలో వంట చేసి వడ్డించే ఆమెను పిల్లలు గరిటక్క అనేవారు. వంటగదికీ భోజనాల హాలుకీ మధ్యనున్న కిటికీలోంచి ముందు గరిట, ఆ వెనక చెయ్యి, ఆ తర్వాతే మనిషి కనబడేది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. టీచర్లూ అదే పిలుపు అందుకున్నారు. చివరికి ఇంట్లో అత్తగారు కూడా కోపం వచ్చినప్పుడల్లా "ఏమే గరిటక్కా!" అనడం మొదలుపెట్టింది.

గరిటక్కకు నోరు పెద్దది. మనసూ పెద్దదే. ఏ విషయం మీదైనా ఆమె దగ్గర ఒక అభిప్రాయం వేడివేడిగా తయారుగా ఉండేది. అడిగినా అడక్కపోయినా వడ్డించేది. ఇవాళ వాన వస్తుందంటే వస్తుందంతే. కొత్తగా చేరిన ప్యూను నిలవడంటే నిలవడంతే. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎందుకేమిటి, నేను చెబుతున్నాగా!" అనేది.

అలాంటి మనిషి నలభై దాటాక కాలేజీలో చేరింది. పెళ్ళితో ఆగిపోయిన చదువు. బడి వెనక వీధిలో సాయంత్రం డిగ్రీ క్లాసులు పెట్టారు. వంటగదికి తాళం వేసి ఇంటికి వెళ్ళే దారిలోనే ఆ కాలేజీ మెట్లు. రోజూ ఆ మెట్లు దాటిపోతుంటే కాళ్ళు లాగేవి. ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. సంగతి చెబితే నవ్వాడు.

"చేరితే చేరు. అక్కడ ఇంకొకళ్ళు మాట్లాడుతుంటే నువ్వు నోరు మూసుకుని వింటావు కదా. ఆ అద్భుతం నా కళ్ళతో చూడాలనుంది."

వ్యాసరచన చెప్పే మేడం గరిటక్క కంటే చాలా చిన్నది. సన్నగా, మెల్లగా మాట్లాడేది. మొదటి వారమే బోర్డు మీద మూడు మాటలు రాసింది: ప్రతిపాదన, ఆధారం, హేతువు.

"మీరు అనేదేమిటో ముందు చెప్పండి. దానికి ఆధారం చూపించండి. ఆ ఆధారం మీ మాటను ఎలా నిలబెడుతుందో విప్పి చెప్పండి. ఒక్క పేరా చాలు. మీరు రోజూ కళ్ళారా చూసేదాని గురించి రాయండి."

ఇంతేనా అనుకుంది గరిటక్క. అక్కడికక్కడే గుక్క తిప్పుకోకుండా రాసి ఇచ్చేసింది. "ఈ కాలం పిల్లలకు గారాబం ఎక్కువైంది. మా బడిలో రెండో తరగతి పిల్లలు మరీను. పండు విలువ వాళ్ళకు తెలియదు. ఇది అందరికీ తెలిసిన విషయమే."

ఆ కాగితం ఆకుపచ్చ సిరాతో తిరిగొచ్చింది. మొదటి వాక్యం పక్కన "ఎలా తెలుసు?" అనీ, చివరి వాక్యం పక్కన "అందరూ అంటే ఎవరు?" అనీ ఉంది.

గరిటక్కకు చుర్రుమంది. క్లాసు అయ్యాక మేడం బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మా చెత్తబుట్ట ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది మేడం."

"అయితే ఆ బుట్టే రాయండి. నేను చూడలేదు కదా, నాకు చూపించండి."

భోజనాల హాల్లో ఏ తరగతి బల్ల పక్కన ఆ తరగతి బుట్ట ఉండేది. పళ్ళు పంచిన రోజున గరిటక్క కొంగు దోపుకుని ఒక్కో బుట్టలోకీ తొంగి చూసింది. ఐదో తరగతి బుట్టలో ఆపిల్ పళ్ళ నడిమి బొడ్డులు తప్ప ఏమీ లేవు. రెండో తరగతి బుట్టలో పళ్ళకు పళ్ళే ఉన్నాయి. వాటి ఒంటిమీద పక్కవాటుగా చిన్న చిన్న గాట్లు, ఎలక కొరికి వదిలేసినట్టు. చూసింది చూసినట్టు రాసుకుపోయి మేడం చేతికిచ్చింది.

మేడం చదివి తల ఊపింది. "ఆధారం బ్రహ్మాండంగా ఉందండీ. కానీ ఇది గారాబానికే ఆధారమని ఎలా చెప్పగలం? పండు పుల్లగా ఉందేమో."

"పుల్లగా ఉంటే ఐదో తరగతి వాళ్ళు బొడ్డు దాకా ఎలా తిన్నారు మేడం?"

మేడం ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఇప్పుడు మీరన్నదే హేతువంటే. అది రాయలేదేం మరి? సరే, ఆకలి లేదేమో?"

"రొట్టె, సూపు తుడిచిపెట్టినట్టు తినేశారు."

"అది కూడా రాయండి. ఇక మిగిలింది గారాబం ఒక్కటేనా?"

"ఇంకేం మిగులుతుంది?" అంది గరిటక్క. అన్నదే కానీ, ఆ మాట ఎప్పటిలా గట్టిగా రాలేదు. ఆ గాట్లు పక్కవాటుగానే ఎందుకున్నాయి?

ఇంటికి వెళుతూ దారిలో నాలుగు ఆపిల్ పళ్ళు కొంది. బల్ల మీద పెట్టి, వాటికేసి గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది. అత్తగారు వచ్చి ఒకటి తీసుకుంది. పండును ఇటు తిప్పి, అటు తిప్పి, మూతి ఒక పక్కకు పెట్టి కరకరా గీరింది. రెండు మూడు సార్లు ప్రయత్నించి, విసుగొచ్చి పళ్ళెంలో పడేసింది.

గరిటక్క ఆ పండు అందుకుంది. అవే గాట్లు. అచ్చం అవే.

"అత్తయ్యా! పక్కనుంచి ఎందుకు కొరికారు?"

"ముందు పళ్ళుంటే ముందునుంచే కొరికేదాన్ని. పళ్ళు లేనిదాని ఎదురుగా పళ్ళు పెట్టుకుని కూర్చుని, పైగా ఎందుకని అడుగుతావేమే?"

గరిటక్క ఒక్క గంతు వేసి అత్తగారిని వాటేసుకుంది. ఆవిడ ఉక్కిరిబిక్కిరైంది. అప్పుడే డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చిన భర్త, చెప్పులు విప్పడం మానేసి అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"రెండో తరగతి పిల్లలకు పళ్ళు లేవండీ!"

"కొనలేదా ఈ వారం?"

"ఆ పళ్ళు కాదు, ఈ పళ్ళు!" అని నోరు తెరిచి చూపించింది.

మర్నాడు వడ్డించే ముందు రెండో తరగతి వరసను కిటికీ దగ్గర ఆపింది. "అందరూ ఒక్కసారి 'ఈ...' అనండి" అంది. అందరూ ఒకేసారి "ఈ..." అన్నారు. ఎవరి నోట చూసినా ఒక సందో రెండు సందులో. ఒకమ్మాయి ఊడబోయే పన్నును నాలుకతో ఊయల ఊపి మరీ చూపించింది. గరిటక్క కిటికీ చెక్క పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇన్నాళ్ళూ ఈ బోసినోళ్ళ మీదా తను కేకలేసింది అనుకోగానే మనసు చివుక్కుమంది కూడా. ఆ రోజు అందరికీ ఇంకో గరిటెడు ఎక్కువే పడింది.

మళ్ళీ పళ్ళ రోజున రెండో తరగతికి ఆపిల్స్ పల్చటి ముక్కలుగా కోసి పెట్టింది. బుట్టలో మూతి తుడుచుకున్న కాగితాలు తప్ప ఇంకేం పడలేదు. ఊగే పన్ను అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చి పళ్ళెం చాపింది.

"గరిటక్కా, ఇవి మంచి ఆపిల్స్. ఎప్పుడూ ఇవే తెప్పించు."

ఆ సాయంత్రం ఆమె రాసిన పేరాను మేడం క్లాసులో పైకి చదివింది.

"మా బడిలో రెండో తరగతి పిల్లలు ఆపిల్ పళ్ళు పారేసేది ఇష్టం లేక కాదు, కొరకలేక. వాళ్ళు పారేసిన పళ్ళమీద పక్కపంటి గాట్లు మాత్రమే ఉన్నాయి. ఐదో తరగతి వాళ్ళు అవే పళ్ళు పూర్తిగా తిన్నారు కాబట్టి లోపం పండులో లేదు. రెండో తరగతి వాళ్ళు రొట్టె, సూపు మిగల్చకుండా తిన్నారు కాబట్టి ఆకలి లేకా కాదు. ముందు పళ్ళు లేని ఒక వృద్ధురాలు కొరికిన పండుమీదా అవే గాట్లు పడ్డాయి. ఈ పిల్లలకు పాలపళ్ళు ఊడే వయసు. ముందు పళ్ళు లేనప్పుడు గుండ్రటి పండు నోటికి చిక్కదు. ముక్కలు చేస్తే దవడ పళ్ళతో నమిలితే చాలు. కోసి పెట్టిన రోజున పండు ముక్క ఒక్కటీ బుట్టలో పడకపోవడానికి కారణం ఇదే."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సాపు ప్రతి రాసుకొస్తే గోడకు అంటిస్తానంది మేడం. గరిటక్క ఇంటికి నడిచి వచ్చిందో ఎగిరి వచ్చిందో ఆమెకే తెలియదు.

అత్తగారు పట్టుబట్టి మొత్తం చదివించుకుంది. తన పళ్ళు కాలేజీకెక్కాయని మురిసిపోయింది. అంతలో భృకుటి ముడివేసింది.

"ఆగాగు. వృద్ధురాలా? ఎవరే వృద్ధురాలు?"

"అది రాతలో అలా అంటారు అత్తయ్యా..."

"ఎలా అంటారు? నేను ముసలిదాన్ననడానికి నీ దగ్గర ఆధారం ఏమిటి?"

"అదేంటి, ముందు పళ్ళు..."

"పళ్ళు లేకపోతే ముసలివాళ్ళేనా? మీ రెండో తరగతి పిల్లలకూ లేవుగా!"

గరిటక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్యకు మాట తట్టకపోవడం మొదటిసారి చూసిన భర్త, కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వాడు. అత్తగారూ నవ్వింది, బోసినోరంతా తెరిచి. గరిటక్క కలం తీసి ఆ మాట కొట్టేసి, దాని పైన "మా అత్తగారు" అని రాసింది.

"ఏదీ, ఆ వాక్యం మళ్ళీ చదువు" అంది అత్తగారు, కుర్చీ దగ్గరగా లాక్కుంటూ.