ఆదివారం గంప

ప్రతి ఆదివారం తోట్లవల్లూరు నుంచి మొదటి బస్సులో బందరు వచ్చి, మా వీధిలో ఆరిళ్లకు కూరగాయలిచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. గంప దించగానే ఒక బెండకాయ మొన విరిచేవాడు. టప్పుమనేది. "విన్నారా?" అని మా ముఖాల్లోకి చూసేవాడు. విన్నామని తలూపితేనే మిగతావి తీసేవాడు.

ఏరుకోవడం కుదరదు, ఆ వారం చేలో కాసిందే అందరికీ. "ఆరిళ్లూ ఉంటేనే నాకు గిట్టేది. ఒక్కరు మానినా రాలేనండీ" అని మొదటి రోజే చెప్పాడు.

ఒకసారి వరసగా నాలుగు వారాలు సొరకాయలే వచ్చాయి. వద్దని చెప్పే ధైర్యం లేక, "వచ్చే వారం మేం ఊళ్లో ఉండం" అని అబద్ధమాడాను. ఆ ఆదివారం మార్కెట్లో కాలీఫ్లవర్ కొని వెనక్కి తిరిగితే ఎదురుగా ఆయనే. మా వాటా కూరలు అమ్ముకోవడానికి వచ్చాడట.

నా సంచీలోకి తొంగిచూశాడు. "పువ్వు బాగుందండీ. సొరకాయ మొహం మొత్తిందని చెప్పొచ్చుగా! మా ఇంట్లోనూ అదే గొడవ. అన్నానికి కూర్చోవాలంటే నాకే భయమేస్తోంది" అని నవ్వాడు.

నా నాలుక రుచి కోసం ఆయన రాకకే ఎసరు పెట్టబోయానని అప్పుడు తెలిసింది. "తప్పయిపోయిందండీ. రావడం మాత్రం మానకండి" అన్నాను.

పై వారం వచ్చాడు. మా వాటాలో అన్నీ ఉన్నాయి, సొరకాయ తప్ప.

"మా సొరకాయేదండీ?"

"మీరు ఊళ్లో లేరు కదండీ!"

మా ఆవిడ పకపకా నవ్వింది. నేను మాత్రం పట్టు వదలకుండా చెయ్యి చాపి నిలబడ్డాను. అడుగుతానని ముందే తెలిసినట్టు, తువ్వాలు కింద నుంచి లేత సొరకాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.