అవతలి ఒడ్డున ఆగిపోయిన ఆఖరి రీలు

నేను దెయ్యాలను నమ్మను. ఇలా మొదలయ్యే అనుభవాలన్నీ "ఆ రోజు నుంచి నమ్ముతున్నాను" అనే చోట తేలతాయి. ఇది అక్కడ తేలదు. ఆ ఆశతో చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా నాన్నగారు బడిపంతులు. హేతువాద సభల్లో మంచి వక్త. ఇంట్లో ఎవరు ఏ వింత చెప్పినా ఆయన మూడు ప్రశ్నలు వేసేవారు. ఎవరు చూశారు? ఎంత దూరం నుంచి? వెలుతురు ఎంత? మూడో ప్రశ్న దాటి బతికిన దెయ్యం మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ ప్రశ్నలు పట్టుకునే నేను కొత్తపేటలో, రాజోలులో, అమలాపురంలో వేదికలెక్కాను. నిమ్మకాయ కోసి నెత్తురు కార్పించిన స్వామి దగ్గరే కత్తి అడిగి తీసుకుని, ఆయన భక్తుల ముందే నేనూ కార్పించాను. మహిమ కత్తికి పూసిన మందుది.

నా ఆయుధాల్లో పాత నలుపు తెలుపు సినిమాలు కూడా ఉన్నాయి. పౌరాణికాలు, కుటుంబ కథలు కాదు, అవి అందరికీ గుర్తే. తక్కువ డబ్బుతో తీసిన సస్పెన్స్ సినిమాలు. ఒక బంగళా, ఒక గాలివాన, మెట్ల మీద తెల్లచీర. చివర్లో చీర లాగితే లోపల ఆస్తి మీద కన్నేసిన బాబాయి. వాటిని తీసినవాళ్లు సినిమా అంతా భయపెట్టినా, జనాన్ని ఇంటికి పంపే ముందు లైటు వేసి పంపేవారు. ఇప్పటి సినిమాల్లో దెయ్యం చివరిదాకా దెయ్యమే. పైగా రెండో భాగం కోసం తలుపు ఓరగా వదిలి వెళ్తుంది.

ఇంట్లో టీవీకి నెట్ ఉంటే ఆ పాతవి వెతుక్కుని చూడండి. రైలు పెట్టెలో శవంతో ప్రయాణం చేసే నలుగురి కథ ఒకటుంది. పాటలు దాటేస్తే ఊపిరాడనివ్వదు. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలాదారు భార్య కథ ఇంకొకటి. అందులో భయమంతా ఆమె ముఖంలోనే ఉంటుంది. బొమ్మ నిండా గీతలుంటాయి, మాట గరగరలాడుతుంది. ఓర్చుకోండి.

నేను చెప్పబోయే సినిమా పేరు మాత్రం రాయను. రాస్తే రేపటికల్లా "శాపం తగిలిన సినిమా" అని ఎవడో ఒకడు వీడియో చేసి పెడతాడు. వాడి వ్యాపారానికి నేను పెట్టుబడి కాలేను.

మా మేనత్త మహాలక్ష్మికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసిన మావయ్య పోయాక ఆవిడ అమలాపురంలో మా దగ్గరే ఉంటోంది. గడప కనపడక రెండుసార్లు పడింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనని డాక్టరు గారు తేల్చేశారు. ఆవిడ ఒప్పుకోలేదు. భయం కత్తికి కాదు, కట్టుకి.

"కోసుకోమను. కట్టు మాత్రం కట్టొద్దను," అంది.

"ఒక్క పూటేగా అత్తయ్యగారూ," అంది నా భార్య పద్మ.

"ఆ పూటే వస్తుందే అమ్మాయ్ అది."

అది ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అత్తయ్య పుట్టింటి ఊరు రాజోలు దాటాక, గోదావరి పాయ ఒడ్డున. ఆవిడ పెళ్లికి ముందు ఆ ఊళ్లో ఒక రేకుల హాలు ఉండేది. అవతలి ఒడ్డున ఇంకో ఊళ్లో ఇంకో హాలు. రెంటికీ కలిపి ఒకటే ప్రింటు తెప్పించుకునేవారు. అక్కడ ఆట ముందు మొదలయ్యేది. ఒక రీలు ఆడగానే డబ్బాలో పెట్టి పడవ ఎక్కించేవారు. ఇవతల రేవులో సైకిలు మీద మనిషి కాచుకుని ఉండేవాడు. రెండో ఆటకి ఆ డబ్బాలే తిరిగి అవతలికి. గాలి ఎదురు తిరిగి పడవ ఆలస్యమైతే, జనం జంతికలు నములుతూ తెల్లటి తెర వైపే చూస్తూ కూర్చునేవారు.

ఆ సినిమాలో కథానాయిక కళ్లకి దెబ్బ తగిలి కట్టు కడతారు. ఆ చీకట్లో ఆమెకు ఒక చప్పుడు వినిపించడం మొదలవుతుంది. చచ్చిపోయిన అత్తగారు ఇత్తడి రోట్లో తాంబూలం దంచుకుంటున్న చప్పుడు. టక్, టక్. ఇంట్లో ఇంకెవరూ వినలేదంటారు. ఆ చప్పుడు రోజుకో గది దాటి దగ్గరికొస్తుంది. చివరికి ఆమె కట్టు విప్పుకుని తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంది.

అక్కడ రీలు అయిపోయింది. ఆఖరి డబ్బా రాలేదు. గాలివాన పట్టుకుంది. జనం చాలాసేపు చూసి, హాలువాణ్ణి తిట్టి, తడుస్తూ ఇళ్లకు పోయారు. మర్నాడు వేరే సినిమా వేశారు.

అవతలివాళ్లు మాత్రం ఆఖరి రీలు చూశారు. సంతలో కలిసినప్పుడు చెప్పారట, దంచింది దెయ్యం కాదు, ఆస్తి కోసం గుమాస్తా అని. ఇవతల ఒక్కరూ నమ్మలేదు. పడవ పందేల నాటి నుంచీ ఆ రెండూళ్లకీ పడదు. "మనకి రీలు రాలేదని ఏడిపించడానికి అంటున్నారు," అనుకున్నారు. అలా ఒకే సినిమాలో అవతలి ఒడ్డున గుమాస్తా, ఇవతలి ఒడ్డున దెయ్యం, ఇన్నేళ్లూ ఎవరిది వాళ్లకి మిగిలిపోయాయి.

అత్తయ్యకి పళ్లు పోయాయి. తాంబూలం లేకపోతే పూట గడవదు. అయినా ఇంట్లోకి రోలు రానివ్వదు. ఆకుని గోటితో చింపుకుని, చిగుళ్లతో నలిపి నలిపి తింటుంది.

ఒక్క రీలు రాకపోతే ఒక మనిషి కళ్లు పోవాలా? నాకు పట్టుదల వచ్చింది. నెట్‌లో వెతికితే ఆ సినిమా దొరికింది. మధ్యాహ్నం, కిటికీలన్నీ తెరిచి, టీవీలో పెట్టాను. ముగ్గురమూ కూర్చున్నాం. అత్తయ్య కుర్చీని టీవీకి చెయ్యి చాస్తే అందేంత దగ్గర వేశాను.

గడియ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పద్మ చెయ్యి పట్టుకుంది. బొమ్మ ఒకసారి నల్లబడింది. మళ్లీ వచ్చింది. తలుపు తెరుచుకుంది. మెట్ల మలుపులో గుమాస్తా, శాలువా కప్పుకుని, రోలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. రోలు జారింది. ఒక్కో మెట్టూ మోగిస్తూ కిందిదాకా దొర్లింది. కెమెరా అతన్ని వదిలేసి ఆ రోలు వెంటే వెళ్లింది. ఎవరు తీశారో గాని మంచి షాటు అనుకున్నాను. తర్వాత పోలీసులు, కన్నీళ్లు, శుభం.

"ఓరి వీడి దుంపతెగ! గుమాస్తాయేనా!" అని అత్తయ్య పగలబడి నవ్వింది. "అవతలొడ్డు వాళ్లు నిజవే చెప్పేరన్నమాట! ఈ వెధవ కోసమా నేను ఇన్నాళ్లూ ఆకు చింపుకు తిన్నది!"

ఆ వారమే కుడికన్ను ఆపరేషన్ అయింది. కట్టుతో గుర్రు పెట్టి నిద్రపోయింది.

నేను ఊరుకోలేదు. కొత్తపేట సభలో ఈ సంగతే చెప్పాను. మూఢనమ్మకం అంటే ఆఖరి రీలు రాకముందే ఇంటికి వెళ్లిపోవడమేనని, రోలు దొర్లడం దగ్గర గొంతు తగ్గించి మరీ చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. పద్మ ముందు వరుసలోనే ఉంది.

రెండో కంటికి రోజు పెట్టుకున్నాక అత్తయ్య మళ్లీ ఆ సినిమా అడిగింది. "ఆ గుమాస్తా మొహం మసగ్గా చూసేనురా. కొత్త కంటితో చూడనీ."

మళ్లీ మధ్యాహ్నమే. అదే టీవీ. అంతకుముందు చూసినవాటి వరుసలో ఉన్న అదే వీడియో నొక్కాను. అత్తయ్య ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. గడియ మీద చెయ్యి పడింది. తెర నల్లబడింది.

తర్వాత ఎవరో ఆవిడ వచ్చి ఉలవచారు ఎలా కాయాలో చెప్పడం మొదలుపెట్టింది.

వెనక్కి తిప్పి వేశాను. మళ్లీ ఉలవచారే. ఫోన్లో తెరిచాను. సినిమా గడియ దగ్గర అయిపోయింది. కింద జనం రాసిన మాటలు అంతకుముందు నేను చదవలేదు. ఏళ్ల కిందటివి. "క్లైమాక్స్ లేదేంటండీ?" "ఆఖర్లో ఏమైందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్."

వీడియో పెట్టినాయన ఫోన్ నంబరు అక్కడే ఉంది. వరండాలోకి వెళ్లి చేశాను.

"ఆయ్, చెప్పండి," అన్నాడు. సంగతి చెప్పాను. "అది మా నాన్నగారి హాలు ప్రింటేనండీ. మీ అత్తయ్యగారి ఊరికి అవతలొడ్డున మాకు హాలుండేది లెండి. డబ్బాలు మూలన పడుంటే బాగు చేయించి ఎక్కించేను. ఆఖరి డబ్బా లేదండీ దానికి. మేం ఆట ఆడేసి పంపిస్తే గాలికి పడవలోంచి నీళ్లలో పడిపోయిందంట."

మీరేమైనా కోసేశారా అని అడిగాను.

"లేనిదాని కోసం నేనే ఏడుస్తుంటే, ఉన్నది కొయ్యడానికి నాకేం పనండీ?"

"నేను చూశానండీ ఆ రీలు," అన్నాను.

"ఎక్కడ చూసేరండీ? ఆ లింకు పెట్టండి బాబూ, మీకు పుణ్యవుంటది!"

నేను చూసిన లింకు ఆయనదే. ఫోన్ పెట్టేశాను.

నాన్నగారి ప్రశ్నలు నాకే వేసుకున్నాను. ఎవరు చూశారు? ముగ్గురం. ఎంత దూరం నుంచి? చెయ్యి చాపినంత. వెలుతురు? పట్టపగలు.

నేను అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. గుమాస్తా సంగతి మాకు ముందే తెలుసు కాబట్టి, ముగింపుని మా మనసులే అల్లుకున్నాయనుకోవచ్చు. కానీ మెట్ల మీద దొర్లిన రోలు సంగతి ఏ ఒడ్డువాళ్లూ చెప్పలేదు. పద్మని విడిగా అడిగితే రోలు దొర్లిందనే చెప్పింది. అయితే సభలో నేను చెప్పింది ఆమె విని ఉంది కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేనే కొట్టేస్తాను. వేరే ప్రింటు ఎవరో ఎక్కించారేమో, ఆ రోజు అది వచ్చిందేమో అని నెలల తరబడి వెతికాను. దొరకలేదు. టీవీలో చూసినవాటి వరుసలో ఆ ఒక్క వీడియోనే ఉంది.

ఇదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం లోపల అత్తయ్య కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. పద్మ వరండాలోకి వచ్చింది.

"నెట్ రావట్లేదని చెప్పెయ్యండి. రెండో కన్ను అయ్యేదాకా."

చెప్పాలనే ఉంది. ఆ రీలు లేదని తెలిస్తే దెయ్యం మళ్లీ గడప ఎక్కుతుంది. కన్ను పోతుంది. కానీ మంచి కోసమే అని అబద్ధం చెబితే, నాకూ ఆ నిమ్మకాయ స్వామికీ తేడా ఏముంటుంది? ఆయనా మంచి కోసమే అన్నాడు. లోపలికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అత్తయ్య కొత్త కన్ను నా మీద నిలిపింది.

"అయితే మనం చూసిందేంట్రా?"

"తెలీదు అత్తయ్యా."

ఈ మాట నా నోట ఆవిడ ఎప్పుడూ విని ఉండదు. భయపడుతుందనుకున్నాను. ఆవిడ బోసినోటితో నవ్వింది.

"ఎంత చదివినా నీకు హాలు సంగతి తెలీదురా అబ్బాయ్. మన ఆట అయిపోయింది కదా. డబ్బా అవతలికి పట్టుకుపోయుంటారు. రెండో ఆటకి వాళ్లకి కావద్దూ?"

అనుకున్న రోజునే రెండో కన్నూ చేయించుకుంది.

ఈ సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు నన్ను పట్టుకున్నారు. "ఇప్పటికైనా ఒప్పుకోండి మాస్టారూ," అన్నారు. ఏం ఒప్పుకోవాలి? దెయ్యమే ఆ రీలు తెచ్చి వేసిందా? వేస్తే అందులో ఏముంది? దెయ్యం లేదు, గుమాస్తా ఉన్నాడు అని ఉంది. దెయ్యం పని కట్టుకుని వచ్చి నా వాదమే గెలిపించి పోయిందని నమ్మమంటారా? నేను నమ్మను. నాకు తెలియనిదాన్ని తెలియదనే అంటాను. ఆ ఖాళీలో తెల్లచీర ఆరేసుకోవడానికి ఎవరినీ రానివ్వను.

ఒక్క సంగతి మాత్రం రాయకపోతే అది వంచన అవుతుంది.

ఆపరేషన్ అయిన సాయంత్రం నేను ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాను. అత్తయ్య గదిలోంచి చప్పుడు వచ్చింది. టక్, టక్. ఆవిడ అడిగితే పద్మే బజారు నుంచి చిన్న ఇత్తడి రోలు తెచ్చిందని నాకు తెలుసు. దంచుతున్నది ఎవరో తెలుసు. తెలిసి కూడా పేపరు పక్కన పెట్టి లేచాను. గడియ మీద చెయ్యి వేశాక కాసేపు అలాగే నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అడగొద్దు.

తలుపు తీసి లైటు వేశాను. ఎడమకంటికి కట్టు, ఒళ్లో రోలు, చేతిలో పొత్రం.

"ఎవరనుకున్నావురా?" అంది.

"ఎవరూ లేరు," అన్నాను.

"అయితే లైటు ఆపు. కంట్లో గుచ్చుకుంటోంది."

ఆపాను. ఆ చీకట్లో ఆవిడ తీరిగ్గా దంచుకుంటూ ఉంటే పక్కనే కూర్చున్నాను. ఈ చప్పుడు ఎవరిదో నా కళ్లతో చూసుకున్నాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆఖరి రీలు ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు.