ఒక్కసారే అడిగిన మనిషి

మెడకి టై బిగించుకుంటే తెలివి కూడా దాంతోపాటే వచ్చేస్తుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్ ఉద్యోగం దొరికి నాలుగు నెలలైంది. అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ డాక్టరుగారి వరండాలో బెంచీ ఎటు వంగిందో, ఏ ఫ్యాను తిరగదో నాకు తెలిసినంతగా ఆ డాక్టర్లకి కూడా తెలియదు. రోజంతా ఆ బెంచీల మీద పడిగాపులు కాస్తూనే, నేనేదో లోకాన్ని కాచి వడబోసినవాణ్ణని అనుకునేవాణ్ణి. (ఇప్పుడా కుర్రాడు ఎదురుపడితే ముందు టై విప్పించి, ఆ తర్వాత చీవాట్లు పెడతాను.) అందుకే మా అక్క ఆ పని నాకు అప్పజెప్పినప్పుడు, ఇలాంటివి మనకి కొట్టినపిండి అన్నట్టు తలాడించాను.

మా బావగారు దుబాయిలో ఒక వ్యాపారి ఇంట్లో డ్రైవరు. అప్పటికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళకోసారి వచ్చి, ఇల్లు ఆయనకీ, ఇంటికి ఆయనా అలవాటు పడేలోపు మళ్ళీ పెట్టె సర్దుకునేవారు. ఆసారి ప్రయాణం ఇంకా వారం ఉందనగా అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. పిల్లలు తండ్రిని చూసి ఎవరో చుట్టం వచ్చినట్టు తలుపు చాటుకి పోతున్నారట. మండపేటలో మిల్లులవాళ్ళు లారీ డ్రైవర్ల కోసం వెతుకుతున్నారట, అదైనా చాలు, ఇంక వెళ్ళొద్దని చెప్పాలట. తను అడగబోతే మాటకంటే ముందు ఏడుపు వస్తోంది. అత్తగారి ముందు ఆయన నోరు విప్పరు. "బయటెక్కడికైనా తీసుకెళ్ళి నువ్వడగరా. గట్టిగా అడుగు" అంది అక్క. చెప్పడం అయ్యాక కూడా కొంగు వేలికి చుట్టుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు వెంటనే తట్టింది. అంతకుముందెప్పుడో బావగారు మాటల్లో చెప్పారు, తన యజమానిని వారానికి మూడు రోజులు పెద్ద పెద్ద హోటళ్ళ బార్ల దగ్గర దింపి, ఆయన తిరిగొచ్చేదాకా కారులో కూర్చుంటానని. "లోపలెలా ఉంటాదో ఇన్నేళ్ళయినా తెలీదురా. తలుపు తీసినప్పుడు చల్లగాలి మాత్రం తగులుద్ది" అన్నారు. ఆయనకి ఆ లోపల చూపించాలి, అక్కడ కూర్చోబెట్టి అక్క మాట అడగాలి. ఒక దెబ్బకి రెండు పిట్టలు. రాజోలు వైపు వశిష్ఠ గోదావరి గట్టున కొత్తగా కట్టిన పెద్ద హోటల్లో కాక్‌టెయిల్ బార్ ఉందని ఒక డాక్టరుగారి కాంపౌండరు చెప్పి ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. నేను టై కట్టాను. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసే సెంటు రాసుకున్నారు.

ఆ సెంటు వాసన తగిలి కాబోలు, గేటు దగ్గర మనిషి మా మోటారుసైకిలు వెనక జనరేటరు పక్కన పెట్టమన్నాడు. లోపల గోదావరి కనపడే అద్దం పక్కన కూర్చోబోతే నల్లకోటు ఆయన వచ్చి, అది వేరేవాళ్ళకి అట్టేపెట్టిందని చెప్పి, వంటగది తలుపు పక్కన ఒక స్తంభం వెనక్కి మమ్మల్ని తోలుకెళ్ళాడు. సోఫా ఎంత పల్లంగా ఉందంటే మా మోకాళ్ళు మా గడ్డాలతో మాట్లాడుకుంటున్నాయి. బావగారు మాత్రం చుట్టూ చూసి, "బాగుందిరా, చల్లగా ఉంది" అన్నారు.

అప్పుడు నల్లకోటు ఆయన చిన్న పుస్తకం తెరిచి, ఏం తీసుకుంటారని ఇంగ్లీషులో అడిగాడు. బావగారు నవ్వుతూ, "అబ్బే, ఇప్పుడేం వద్దండి" అన్నారు. నేను కూడా ఇప్పుడే భోంచేసి వచ్చామని చెప్పాను. (ఆ సంబరంలో పొద్దుట్నించి ఇద్దరం పచ్చి గంగ ముట్టలేదు.) మా వైపు పద్ధతి అది. మొదటిసారి అడగడం పలకరింపు, దానికి వద్దనడం మర్యాద. రెండోసారి అడిగితే పెట్టే ఉద్దేశం నిజంగానే ఉందని, అప్పుడు కాస్త నసగాలి. మూడోసారికి, "ఆయ్, అంతగా చెబుతున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. మొదటి పిలుపుకే కంచం ముందు కూర్చున్నవాణ్ణి ఏ కరువులోంచి వచ్చాడో అనుకుంటారు. మేం రెండో పిలుపు కోసం ముఖాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాం. ఆయన పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు వెళ్ళినట్టే. అరగంటయినా మా వైపు చూడలేదు. చెయ్యి ఎత్తితే ఆయన చూపు మా మీదుగా గోడ మీదికి పోయేది. మమ్మల్ని గుర్తించింది ఒక్క పక్కబల్ల పెద్దమనిషే. వేలితో నన్ను పిలిచి ఐసు తెమ్మన్నాడు. ఆ గదిలో మెడకి టై ఉన్నవాళ్ళం ఇద్దరమే మరి, ఒకడు నల్లకోటు, రెండోవాణ్ణి నేను. నేను హోటలు మనిషిని కానంటే ఆయన నొచ్చుకుంటాడేమోనని (మొహమాటానికి మందు లేదు, ఉంటే మా కంపెనీ అమ్మేది) కౌంటరు దగ్గరికి వెళ్ళి ఐసుగిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. తిరిగొచ్చి కూర్చుంటే బావగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "లోపలికొచ్చినా మనం డ్యూటీలోనే ఉన్నాం కదరా" అన్నారు, మెల్లిగా.

ఆ మాట విని, అడగాల్సింది ఇప్పుడే అనిపించి, గొంతు సవరించుకుని, "బావగారూ, ఇంక వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోకూడదా?" అన్నాను. ఆయన స్తంభం పక్కనుంచి కనపడే ఆ కాస్త గోదావరి వైపు చూశారు. టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పారు. "ఎందుకులేరా ఇప్పుడు" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు బరువు దిగినట్టయింది. డాక్టరుగారు తర్వాత చూద్దాం అంటే సంచీ సర్దుకుని లేచి నమస్కారం పెట్టే ఉద్యోగం నాది. అడిగాను, వద్దన్నారు, అక్క పని అయిపోయింది. అంతలో నల్లకోటు ఆయన కూడా వచ్చాడు, నాలుగింటికి ఏదో పార్టీ ఉంది, ఈ చోటు కావాలని. మంచినీళ్ళయినా తాగకుండా లేచాం. బావగారు ఆ మనిషికి చేతులు జోడించి, "వస్తామండి" అని మరీ చెప్పి వచ్చారు.

దారి పొడుగునా నేను ఆ నల్లకోటుని దుమ్మెత్తిపోస్తూనే ఉన్నాను. మనిషన్నాక రెండోసారి అడగొద్దా, వద్దన్నవాడికి నిజంగా వద్దో కాదో తెలుసుకోవద్దా, ఒక్కసారి అడిగి వదిలేస్తే అది అడిగినట్టా అని. బావగారు వెనకసీటులోంచి "ఊఁ" అంటూ వచ్చారు. రోడ్డు పక్క బజ్జీల బండి దగ్గర ఆగాం. అక్కడున్న ఆవిడ ఇంకో రెండు వెయ్యమంటారా అని ఆయన్ని మూడుసార్లు అడిగింది. రెండుసార్లు వద్దని, మూడోసారి కాగితం చాపారు. తిన్నాక కూడా ఆయన వెంటనే లేవలేదు. చేతులు తుడుచుకుంటూ, నా ముఖంలోకి చూస్తూ కాసేపు కూర్చున్నారు. పొద్దుపోతోంది పదండి బావగారూ అని నేనే బండి స్టార్టు చేశాను.

అక్కకి మాత్రం, "అడిగేనే, ఉండనన్నారు" అని చెప్పాను. అక్క ఆ సాయంత్రమే కందిపొడి కొట్టడానికి కందులు వేయించింది, ఆయన పెట్టెలో పెట్టడానికి.

ఆ వెళ్ళడం ఇంకో పన్నెండేళ్ళు. చూపు మందగించి, యజమాని ఇంక చాలన్నాక, పోయినేడు వచ్చేశారు. పిల్లలు చదువులకని వేరే ఊళ్ళు చేరారు, తలుపు చాటున దాక్కునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అక్క జుట్టు సగం తెల్లబడింది. మొన్నామధ్య ఇద్దరూ అమలాపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు, నవ్విద్దామని ఆ ఐసుగిన్నె సంగతి ఎత్తాను. ఆయన నవ్వారు. నవ్వి, కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ అన్నారు.

"ఆ రోజు నువ్వింకోసారి అడుగుతావేమో అని చూసేనురా. బజ్జీల బండి కాడ కూడా చూసేను."

కోపంగా అన్లేదు. వంటింట్లో అక్కా, మా ఆవిడా మాట్లాడుకుంటున్న చప్పుడు ఆగిపోయినట్టనిపించింది. అటు చూసే ధైర్యం చెయ్యలేదు. అన్నేళ్ళు ఆ నల్లకోటు మనిషిని కనపడ్డవాళ్ళందరి దగ్గరా తిట్టాను కదా, తిట్టినన్ని తిట్లూ తిరిగి నాకే వచ్చి చేరాయి.

కాసేపటికి బావగారు చెప్పులు వెతుక్కుంటూ లేచారు, చీకటి పడకుండా ఊరు చేరాలని. భోంచేసి వెళ్ళండి అన్నాను. వద్దులేరా అన్నారు. ఒక్క ముద్ద తిని వెళ్ళండి అన్నాను. ఎందుకురా శ్రమ అని నసిగారు. మూడోసారి అడిగాను. "ఆయ్, అంతగా చెబుతున్నావు కాబట్టి" అని చెప్పులు వదిలి, వచ్చి పీట మీద కూర్చున్నారు. అక్క అప్పటికే ఆయన కంచం పెట్టేసి ఉంది.