సగంలో వచ్చే మనోంగ్ పులో

మనోంగ్ పులో ఏ సినిమానూ మొదటినుంచి చూడడు. ఆయన్ని మనోంగ్, అంటే అన్న, అని పిలిచే ఇలోయిలో పట్నంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. సరిగ్గా సగంలో వస్తాడు. హంతకుడు దొరికి అందరూ లేచిపోయినా తాను కదలడు. మళ్లీ ఆట మొదలయ్యాక మొదటి సగం చూసి, తాను వచ్చిన చోటు రాగానే లేస్తాడు. లూసెరో హాల్లో ఆటలు వరసగా పడుతూనే ఉంటాయి, ఒక టికెట్టు మీద ఎంతసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు. అలా ఒకటి రెండుసార్లు చూడనివాళ్లు ఊళ్లో ఎవరూ లేరు గానీ, దాన్నే వ్రతంగా పట్టుకున్నది ఈయనొక్కడే. పైగా ఆయన చేసే పని గడియారాల రిపేరు.

టికెట్ల కిటికీలో కూర్చునే రేమీకి ఆయన తల కనబడిందంటే ఆట సగమైనట్టు. ఆమెకూ అప్పుడే తీరిక. జనం పలచబడ్డాక, తర్వాతి ఆట రద్దీ మొదలయ్యేదాకా లోపలికి వెళ్లి చూడొచ్చని యజమాని ఒప్పుకున్నాడు. అలా వందల సినిమాల రెండో సగాలు చూసింది. మొదటి సగం ఒక్కటీ చూడలేదు. ఆమె లోపల అడుగుపెట్టేసరికి ఎవరో ఒకరు చచ్చిపడి ఉంటారు, ప్రేమించుకోవలసినవాళ్లు ప్రేమించేసుకుని ఉంటారు. ఒక్క కథయినా పుడుతుండగా చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

సాయంత్రం అందరూ చేరేది ఎదురుగా ఉన్న సెలింగ్ హోటల్లో; ఆమె అందరికీ మనాంగ్, అంటే అక్క. పొగలు కక్కే బాచోయ్ గిన్నెలు ముందు పెట్టుకుని, నూడుల్స్‌తో పాటు సినిమానూ నమిలేవాళ్లు.

"వంతెన మీద ఆ ఫైటు ఒక్కటి చాలు," అన్నాడు ట్రైసికిల్ తోలే బెర్టింగ్. "ముప్పైమందిని కొట్టాడు, చొక్కా నలగలేదు."

"చొక్కా మాట అటుంచు. నదిలో పడిన మోటారుసైకిల్ ఒక్క తన్నుకు ఎలా స్టార్టయింది? నీ బండి చినుకు పడితే కదలదు," అంది సెలింగ్.

"నాకు మాత్రం ఆ విలన్ మీద జాలేసింది," అన్నాడు పులో. "కోళ్లకు ఎంత ప్రేమగా మేత వేశాడు."

"మనోంగ్, వాడు పద్నాలుగు మందిని చంపాడు," అన్నాడు బెర్టింగ్.

"చంపాడు. తర్వాత బుద్ధిగా కోళ్లకు మేత వేసుకున్నాడు."

"మేత మొదటి సీను, మనోంగ్. హత్యలు తర్వాత."

"మీ లెక్క మీది. నేను బయటికొచ్చేసరికి మాత్రం అందరూ బతికే ఉన్నారు."

అంతటితో వదిలితే బాగుండేది. మొదటి సగమంతా పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టేవాడు. "ఆ నల్లకారు అమ్మాయి ఎవరనుకున్నారు? డాక్టరు చెల్లెలు. ఆ గాజుకన్ను ఎలా వచ్చిందంటే..." అక్కడున్న మిగతావాళ్లందరూ మొదటినుంచి చూసినవాళ్లే. బెర్టింగ్ బల్లమీద తల వాల్చి గురక పెట్టినట్టు నటించేవాడు. రేమీ ఒక్కతే చెంచా గాల్లో ఆపి వినేది. ఆమెకు అర్థంకాని చిక్కులన్నీ ఒక్కొక్కటే విడిపోయేవి. ఈయన పిచ్చి తన పాలిట అదృష్టమైందనుకునేది.

ఆ అదృష్టానికీ కాలం చెల్లింది. కొత్త మేనేజరు వచ్చాడు. ఆట మొదలయ్యాక తలుపులు మూసేస్తారు, అయిపోగానే హాలు ఖాళీ చేయిస్తారు అని బోర్డు పెట్టాడు. రేమీ సిబ్బంది కాబట్టి ఆమె సగాలకు ఢోకా లేదు. కానీ మొదళ్లు ఇక ఎవరు చెబుతారు? బెర్టింగ్‌ను అడిగితే ఫైట్లు తప్ప చెప్పడు. పులోను అడగడానికి మొహం చెల్లలేదు. ఆ వారమంతా ఆమెకు బాచోయ్ రుచించలేదు.

శుక్రవారం కొత్త థ్రిల్లరు వచ్చింది. మనోంగ్ పులో పావుగంట ముందే వచ్చి టికెట్టు కొన్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. బెర్టింగ్ చప్పట్లు కొట్టి మరీ లోపలికి సాగనంపాడు.

సగం ఆటయ్యాక రేమీ కిటికీ మూసి లోపలికి బయలుదేరింది. తలుపు దగ్గర పులో ఎదురొచ్చాడు.

"ఏమైంది మనోంగ్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. త్వరగా విను. ఎర్రచొక్కావాడు ఆమె అన్న కాడు. ఆమెకు రెండు ఫోన్లున్నాయి, రెండోది బియ్యం డబ్బాలో దాచింది. పెళ్లిలో తప్పిపోయిన పిల్ల ఇంకా దొరకలేదు. ఇక వెళ్లు."

"మరి మీరు? లోపలికి మళ్లీ రానివ్వరు."

"తెలుసు. ముగింపు నువ్వు చెబుతావుగా."

రేమీ కదల్లేదు. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలింగ్ హోటల్లో తాను అన్న మాట గుర్తొచ్చింది: నాకు ఒక్క కథకూ మొదలు తెలియదు అని. ఆ మర్నాటినుంచే కదా ఈయనకు ఈ జబ్బు పట్టుకుంది.

"మొదలు చెప్పడానికైతే మొదటికే రావచ్చుగా. ఇన్నేళ్లూ సగంలో ఎందుకొచ్చారు?"

ఆయన చేతి గడియారానికి అక్కర్లేకపోయినా కీ ఇచ్చుకున్నాడు. "నువ్వు చూసిన చోటునుంచి చూస్తేనే కదా, నీకేం తెలియలేదో నాకు తెలిసేది."

లోపల ఆ రోజు తెరమీద ఏం జరిగిందో ఆమెకు సరిగా ఎక్కలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. పదకొండేళ్లు ఇదే చీకట్లో, రెండు వరసల వెనక ఆయన కూర్చునేవాడు. అప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదే అని మనసు పీకింది.

ఈస్టర్ వెళ్లిన సోమవారం రేమీ ఉద్యోగంలో మొదటిసారి సెలవు పెట్టింది. తన కిటికీ ముందు తానే నిలబడి రెండు టికెట్లు కొంది. ఇద్దరూ పక్కపక్కన, పేర్లు పడ్డ దగ్గర్నుంచీ చూశారు. సరిగ్గా సగంలో పులో అలవాటుగా లేచాడు. ఆమె చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"చెప్పండి. మొదట్లో ఏమైంది?"

"నువ్వూ చూశావుగా."

"చూశాను. మీరు చెప్పగా వినలేదు."

పులో గొంతు సవరించుకుని, పేర్లు పడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. వెనకనుంచి ఎవరో ఉష్ష్ అన్నారు. ఆయన గొంతు తగ్గించాడు గానీ ఆపలేదు. ఆమె ఇంకాస్త దగ్గరికి వంగింది.

ఆ సాయంత్రం హోటల్లో బెర్టింగ్ ఉత్సాహంగా గిన్నె పక్కకు నెట్టాడు. "మనోంగ్, ఇవాళ మొత్తం చూశారుగా. వంటవాడే హంతకుడని మీకు ఎక్కడ అనుమానమొచ్చింది?"

పులో రేమీ వైపు చూశాడు. రేమీ పులో వైపు చూసింది.

"వంటవాడా?" అన్నారు ఇద్దరూ.