అవసరం లేదన్న మాట

ముందే చెప్పేస్తున్నా, తప్పు నాదే. మా ఆయనది కాదు, ఆ పెద్దావిడది అసలే కాదు.

మేం మలేషియా వచ్చిన ఏడాదికి, పోర్ట్ క్లాంగ్‌లోనే ఉంటారా, పినాంగ్ వెళ్తారా అని మా ఆయన్ని ఆఫీసువాళ్ళు అడిగారు. కంటైనర్లు ఎక్కించి దించే కంపెనీ, పని ఎక్కడైనా ఒకటే. పరాయి దేశంలో కాపురం ఎక్కడ పెట్టాలో తేల్చే పెత్తనం నాకొచ్చింది. భీమిలిలో పుట్టినదాన్ని, సముద్రం కనబడితే చాలు నాకు. రెండింటికీ మధ్యలో హుటాన్ మెలింటాంగ్ అని చేపలు పట్టే ఊరుంటే, అదీ చూసొచ్చాం. అక్కడి చేపలకి నోరూరింది గానీ, ఆయన ఏ ఆఫీసుకీ రోజూ వెళ్ళి రాలేడు. పోర్ట్ క్లాంగ్ అంటే లారీలు, దుమ్ము. పినాంగ్‌లోని జార్జ్ టౌన్‌లో మాత్రం ఒక ఇంటి మీద మనసు పడిపోయింది. ఇంటి మీద కంటే ఇంటావిడ మీద.

ఆవిడకి డెబ్బై దాటాయి, భర్త పోయాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి తోట పనికి వచ్చారట. తల్లి తమిళావిడ. మేడ మీద రెండు గదులు ఖాళీ. గుమ్మంలో నేను తెలుగు మాట్లాడగానే నా చెయ్యి పట్టేసుకుంది.

"ఏటమ్మా, ఎక్కణ్ణించి వచ్చినావు? మా పిల్లలూ మనవలూ అంతా తమిళమేనమ్మా. మా ఆయన పోయినాక నాతో తెలుగు మాట్లాడినోళ్ళే లేరు. మాటలు మరిసిపోతన్నాను. నువ్వొచ్చి ఉండు, నాకదే సాలు" అంది.

అచ్చం మా అమ్మమ్మ మాటే. వస్తామని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశా. "పెద్దమ్మా, సామాను సర్దేశాం, ఈ ఆదివారమే వచ్చేస్తాం."

"అవసరం లేదమ్మా," అంది నవ్వుతూ. "అవసరమే లేదు లా!" మాట చివర ఆ "లా" తగిలించడం ఈ దేశంలో అందరికీ అలవాటే.

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే అని టక్కున పెట్టేశా. చెయ్యి పట్టుకుని రమ్మన్న మనిషి, నవ్వుతూ అవసరం లేదంటుందా? "ఇంకోసారి అడిగి చూడవే" అన్నాడు మా ఆయన. నేనా? బతిమాలడమా? నా ముక్కు మీద కోపం మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ వారంలోనే పోర్ట్ క్లాంగ్‌లో మూడేళ్ళకి ఇల్లు రాసుకున్నాం, ఇక్కడే ఉంటానని ఆయన ఆఫీసులో సంతకం పెట్టేశాడు. ఆ తర్వాత ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

నాలుగు నెలలు పోయాక ఒకరోజు పొద్దున్న బజారులో చేపలమ్మే తమిళాయన్ని తొందరపెడుతున్నాను. "ఎన్నక్కా అవసరం?" అన్నాడు. దేనికి కావాలని అడుగుతున్నాడనుకుని "పులుసుకి" అన్నా. దుకాణం దగ్గర అందరూ ఘొల్లుమన్నారు. నాతో వచ్చిన పక్కింటి తమిళావిడ నవ్వాపుకుని అప్పుడు చెప్పింది, వాళ్ళ భాషలో అవసరం అంటే తొందర అని.

అయ్యో రామా! తొందరేం లేదమ్మా, నిదానంగా రండి అంది ఆ మహాతల్లి. నేను విన్నదేమిటి, చేసిందేమిటి!

ఇంటికొచ్చి చేపలు సింకులో పడేసి ఫోన్ చేశా. మోగీ మోగకముందే ఎత్తింది.

"వస్తన్నారా తల్లీ? గదులకి రంగేయించినాను. అద్దెకడిగినోళ్ళకి మా మనుషులొస్తారని సెప్పి పంపించీసినాను."

నిజం నోటిదాకా వచ్చింది. నీ మాట నాకు అర్థం కాలేదని చెబితే, తన తెలుగు ఇక తెలుగే కాదనుకుని కుమిలిపోతుందేమో అనిపించింది. అదంతా సాకు. సిగ్గేసింది, అంతే.

"ఆఫీసువాళ్ళు పినాంగ్ పంపుతామని చెప్పి, ఇప్పుడు కుదరదంటున్నారు పెద్దమ్మా" అనేశాను.

వెంటనే మా ఆఫీసువాళ్ళని తిట్టడం అందుకుంది, నా తరఫున.

"పాపిష్టోళ్ళు! నీలాంటి పిల్లకి పొయ్ సెప్తారా..." అని ఆగింది. "పొయ్‌ని తెలుగులో ఏటంటారమ్మా? మరిసిపోయినాను."

"అబద్ధం" అన్నాను.

"ఆఁ, అదే," అంది సంతోషంగా. "అబద్ధం, అబద్ధం" అని మళ్ళీ మరిచిపోకుండా రెండుసార్లు అనుకుంది.