కొండ కనిపించే ఇడ్లీ

జ్ఞానాంబ ఇడ్లీలు పొద్దున ఏడింటికి సిమెంటు బస్తాల మధ్య లిఫ్టులో పైకి పోతాయి. ఆమె మాత్రం మెట్లెక్కుతుంది. అది సామాన్ల లిఫ్టు, మనుషులు ఎక్కకూడదు. మలుపు మలుపుకీ ఒక గోవింద అంటూ పదకొండో అంతస్తు చేరుకుంటుంది.

తిరుపతి శివార్లలో కడుతున్న ఈ అపార్టుమెంటు మూడంతస్తులు లేచినప్పుడు ఆమె గేటు పక్కన టిఫిను బండి పెట్టింది. అంతకు ముందు బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి. సీజను పోతే పనీ పోయేది. బండి బాగా నడిచింది. కానీ బిల్డింగు పెరిగేకొద్దీ గిరాకీ తగ్గింది. అంత ఎత్తు నుంచి దిగి, తిని, మళ్లీ ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? మేస్త్రీలు బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు. ఇంకో నెల ఇలాగే ఉంటే ఆమె మళ్లీ గుజ్జు ఫ్యాక్టరీకి పోవాల్సిందే.

సైటు ఇంజినీరు దేవేంద్రకూ ఇదే తలనొప్పి. చెన్నైలో, బెంగళూరులో ముప్పై అంతస్తులు కట్టించి వచ్చినవాడు. ఎత్తుకు పోయేకొద్దీ ఇటుక కంటే దాన్ని పైకి చేర్చడానికే ఎక్కువ ఖర్చు. మనిషి సంగతీ అంతే. టిఫినుకు దిగిన మేస్త్రీ తిరిగొచ్చేలోపు కలిపిన సిమెంటు గట్టిపడుతోంది.

"అక్కా, నువ్వే పైకి రా. గిన్నెలు లిఫ్టులో పంపిస్తా, బాడుగ వద్దు."

"నాకు కండ్లు తిరగతాయి సారూ."

"కిందికి సూడొద్దు. కొండకేసి సూడు."

మొదటి రోజు పైకెక్కి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని తలెత్తింది. గోడలింకా లేవలేదు. ఎదురుగా కొండలన్నీ ఒక్కసారిగా మీదికొచ్చినట్టున్నాయి. కళ్లు తిరుగుతున్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. స్తంభం వదలకుండానే రేటు చెప్పింది.

"కింద ప్లేటు ముప్పై. ఈడ ముప్పై అయిదు. కొండ పక్క కూసుంటే ఇంకో రెండు."

"ఇడ్లీ అదే కదక్కా!" అన్నాడు సెంట్రింగు మేస్త్రీ మురుగేష్.

"ఫ్లాటూ అదే కదప్పా! పైదానికి ఎక్కువ, కొండ కనపడేదానికి ఇంకా ఎక్కువ అని కింద ఫ్లాట్లమ్మే ఆఫీసు బోర్డు మీద రాసినారే. కట్టేది నువ్వే గదా, వాళ్లనడిగినావా?"

దేవేంద్ర పగలబడి నవ్వాడు. మురుగేష్ ముప్పై ఏడు లెక్కపెట్టి ఇచ్చాడు.

మరునాడు మురుగేష్, అతని మనుషులు కొండ పక్కనే వరుసగా కూర్చున్నారు. అందరూ కొండకు వీపు తిప్పి.

"మేం కొండను సూడలేదక్కా. రెండు రూపాయలు తీసెయ్."

జ్ఞానాంబ చేతిలో గరిటె ఆగిపోయింది. "రేయ్! తిరపతిలో ఉండి సామికి వీపు సూపిస్తార్రా?"

"రేటు నువ్వు పెట్టినావు. వీపు మేం పెట్టినాం."

"తిరగండ్రా!"

"రెండు రూపాయలు?"

"వద్దు! ఏమీ వద్దు! ముందు తిరగండి. తిరిగితేనే చట్నీ!" గిన్నె మీద మూత బిగించి పట్టుకుంది.

"గోవిందా!" అని ఒకడు అరిచాడు. ప్లేట్లతో సహా వరుసంతా గిర్రున తిరిగింది. నవ్వులకు సాంబారు ఒలికింది. ఆ పూట ఇడ్లీ ఒక్కటి మిగల్లేదు. గేటు పక్క బండికి ఆమె తాళం వేసేసింది.

ఆఫీసు బోర్డు మీద మాత్రం కొండ రేటు అలాగే ఉంది. శుక్రవారం పైన శ్లాబు వేస్తారు, అది గట్టిపడగానే జ్ఞానాంబ కూడా ఒక అంతస్తు పైకి మారుతుంది. అక్కడ ప్లేటు ముప్పై ఆరు.