కుండీలో గాజుముక్క

మాదాపూర్‌లో మా ఆఫీసు తోటపని చేసే పెద్దమ్మ, ఎవరి గాజు పగిలినా చెయ్యి చాచేది. "పారెయ్యకు బిడ్డా, నాకియ్యి." ఆ ముక్కలన్నీ కొంగున ముడేసుకునేది.

అవి తొంభైల చివరి రోజులు. ఆఫీసు వెనక సీతాఫలం పొదల నీడలో నేలతాడి మొక్కలుండేవి. నా కళ్లకు అవి ఉత్త గడ్డిపరకలే. కార్ల పార్కింగు కోసం రేపు బుల్డోజర్ వస్తుందనగా, ఆమె అన్నం కూడా మానేసి గడ్డలన్నీ తవ్వింది. "మందుకని అందరు తవ్వుకపోయిన్రు. ఇగ గివే మిగిలినయి" అంటూ క్రోటన్ల కోసం తెప్పించిన కుండీల్లో నాటి, మెట్ల పక్క నీడలో పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక గాజుముక్క గుచ్చింది.

ఎండాకాలానికి ఆకులన్నీ మాయమయ్యాయి. కడప నుంచి వచ్చి ఆఫీసు అందమంతా నెత్తినేసుకున్న నేను, మొక్కలు చచ్చాయనుకుని ఒక కుండీ ఎత్తి పారబోయబోయాను. ఆమె నీళ్ల పైపు వదిలేసి ఉరికొచ్చింది.

"గాజు కనబడ్తలేదా సారూ? అవి పండుకున్నయి. నువ్వు పండుకుంటే నిన్ను గిట్లనే పారబోస్తరా?"

అందరూ నవ్వారు, నాతో సహా.

తొలివానలకు నా టేబుల్ దగ్గరికొచ్చి, "లేషినయి, రా" అంది. మట్టిని ఆనుకుని చుక్కల్లాంటి పసుపు పూలు!

నేను ఉద్యోగం మారినప్పుడు ఒక గడ్డ చేతిలో పెట్టింది. అదిప్పుడు కొండాపూర్‌లో మా బాల్కనీలో ఉంది. ప్రతి ఎండాకాలం మా ఆవిడ, "ఈ ఉత్త మట్టి ఏంటికి?" అని గొణిగేది. ఈసారి మాత్రం, పగిలిన గాజుముక్క తెచ్చి తనే గుచ్చింది.